కొక్కెం

తార్తూలో మా పేటని సూప్ పేట అంటారు.
వీధులన్నీ కూరగాయలే:
బంగాళాదుంప వీధి, చిక్కుడు వీధి.
మాది బఠాణీ వీధి, చెక్క ఇల్లు,
నాలుగు వాటాలు, ఒక కట్టెల కొట్టు,
కొట్టు మీదికి ఒరిగి ఒక ముసలి లైలాక్.

దాని వయసు ఎవరికీ తెలీదు.
కింది వాటా లెంబిత్, రైల్వేలో రంపాలకు పదును పెట్టినవాడు,
"నాకంటే పెద్దది, ఇంటికంటే చిన్నది" అంటాడు.

నాలుగేళ్ళ క్రితం ఆగస్టులో
ఆకుల మీద బూజు లేచింది,
పిండి జల్లెడ పట్టినట్టు.
రాత్రంతా రొట్టెల బట్టీలో పనిచేసి వస్తాను కదా,
మొదట నా చేతి పిండే అనుకున్నా.
తుడిస్తే పోలేదు.
మొదళ్ళ నిండా కన్నాలు,
వేలు పెడితే పొట్టు రాలుతోంది.
ఆ యేడు పూసింది మూడే గుత్తులు,
అవీ నిచ్చెనకి అందని ఎత్తున.
వాసన పై అంతస్తు వాళ్ళకి,
రాలిన రేకులు మాకు.

"నేలమట్టానికి కోసేద్దాం" అంది పై వాటా వైకె.
లెంబిత్ తల అడ్డంగా ఊపాడు.
"ముసలిదానికి మందంతా ఒకేసారి పొయ్యకూడదు.
మూడేళ్ళు. ఏటా మూడోవంతు."
అతనికప్పటికి ఎనభై ఒకటి.
మూడేళ్ళని అంత తేలిగ్గా పలికిన మనిషిని
నేనింకొకర్ని చూడలేదు.

మొదటి మార్చి. మోకాటి దాకా మంచు.
అతను కుర్చీ వేసుక్కూచుని వేలు చూపిస్తాడు, నేను కోస్తాను.
ఇది కాదు, దాని వెనకది.
రంపాన్ని ముందు గోటి మీద ఆనించి చూసుకుని
అప్పుడిస్తాడు నాకు,
ఇంటి తాళంచెవి అప్పగించినట్టు.
కోసిన చోట చెక్క నడుమ ఊదారంగు.
పూలకి చేరాల్సింది ఇక్కడే ఆగిపోయిందేమో.
పొయ్యి బూడిద తెచ్చి మొదట్లో చల్లాం.
ఏప్రిల్లో ఎమాయిగి పొంగింది.
తల్లి నది అని అర్థం, పేరుకు తగ్గట్టే
అడక్కుండా పెరట్లోకొచ్చి అన్నీ సర్దేసి పోయింది.
మళ్ళీ చల్లాం.

రెండో మార్చికి కుర్చీ కిటికీ లోపలికి మారింది.
అద్దం మీద వేలితో కొడతాడు:
ఒక దెబ్బంటే కొయ్యి, రెండంటే ఆగు.
రెంటిని ఒకటిగా విని
ఒక మంచి కొమ్మని పోగొట్టాను.
సాయంత్రం దాన్ని అతని బల్ల మీద పెట్టి నిలబడ్డాను.
"పోనీలే, ఎండితే చెంచాలు చెక్కుతాను" అన్నాడు.
చెక్కలేదు.

మూడో మార్చి.
మిగిలింది కొట్టుని ఆనుకున్న పెద్ద మొదలు,
లోపల డొల్ల, బయట నాచు.
నాలుగు లాగులకి రంపం కీచుమంది.
రెండు పళ్ళు విరిగాయి.
ఉలితో తొలిస్తే ఒక కొక్కెం,
ఎవరో ఎప్పుడో బట్టలారేసే తీగ కోసం దిగ్గొట్టింది.
చెట్టు దాన్ని ఉమ్మెయ్యలేదు,
చుట్టూ పెరిగి మింగింది.
ఎవరి తీగ? ఎవరి దుప్పట్లు
ఈ వాసనలో ఆరాయి?
యుద్ధానికి ముందు ఈ ఇంట్లో ఎవరున్నారో
చెప్పగలిగినవాళ్ళు వీధిలో లేరు.

కిటికీ వైపు చూశాను.
రెండు దెబ్బలు.
కాసేపాగి, మళ్ళీ రెండు.

మొదలు అలాగే ఉంది, సగం కోతతో, కొక్కెంతో.
గాయానికి ఏదైనా పూద్దామంటే
గాలి తగలనీ, అదే ఎండుతుందన్నాడు.
రంపానికి పళ్ళు మళ్ళీ తీర్చడానికి
అతనికి వారం పట్టింది.

ఈ మేలో పిలకలు నడుమెత్తు లేచాయి.
పువ్వు లేదు. వాటికింకా ఈడు రాలేదట.
పూసింది ముసలి మొదలే,
ఆరు గుత్తులు, కోతకి పైన,
కొమ్మ బరువుకి వంగి కిటికీకి అందేలా.

మా దగ్గర అయిదు రేకుల పువ్వు దొరికితే
అదృష్టమని నోట్లో వేసుకుంటారు.
లెంబిత్ ఒక గుత్తిని ఒళ్ళో పెట్టుకుని
కళ్ళద్దాలు తుడిచి తుడిచి లెక్కపెడుతున్నాడు.
నేను పనికి బయల్దేరే వేళకీ అదే పని.
"దొరికిందా?"
నములుతున్నాడు. చేదుకి మొహం ముడిచాడు.
"నాలుగే ఉన్నాయి," అన్నాడు.
"అయినా తిన్నాను."